కూర్మారావు పరీక్షించని మార్పు

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతుకి అడ్డంపడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. అన్నం తింటాను, ఆఫీసు పని చేస్తాను, నలుగురిలో కూర్చుని నవ్వుతాను కూడా. అది మాత్రం అక్కడే ఉంటుంది. మీకు చెప్తాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. బహుశా అందుకే ఇంత తేలిగ్గా మొదలుపెట్టగలిగాను. ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మనిషి ఒకడున్నాడు. అతని దగ్గరికి వెళ్లడానికి నాకు ఎంతకాలం పట్టిందో, వెళ్లాక ఏమైందో కూడా చెప్తాను. కాస్త ఓపిక పట్టండి.

చేసిన తప్పు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. నా స్నేహితుడు పరీక్షించని కంప్యూటర్ కోడు కింద, అతను పరీక్షించాడని అతని పేరు పెట్టాను. అంతే. ఇందులో ఇంత బాధపడడానికి ఏముంది అంటారేమో. ఆ రోజు నేనూ అలాగే అనుకున్నాను.

మాది విజయనగరం. ఇంట్లో అందరూ వయొలిన్ వాయించేవాళ్లే. నాకు మాత్రం చెయ్యి తిరగలేదు. వీడికి శ్రుతి కుదరదు గాని లెక్క కుదురుతుందని మా నాన్న పాఠానికి వచ్చిన పిల్లలందరి ముందూ చెప్పేవాడు. లెక్క కుదిరిన చోటికే పోయాను. విశాఖలో ఒక చిన్న కంపెనీలో, కంప్యూటర్ల లోపలి పనిలో చేరాను. యంత్రం తెర మీద మీకు కనిపించేదంతా పై పని. దాని అడుగున, ఎవరికి ఎప్పుడు ప్రాసెసరు ఇవ్వాలో, ఎవరు ఏ సమాచారం ముట్టుకోవచ్చో చూసే ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది. దాన్ని కెర్నెల్ అంటారు. నా పని అందులో.

ఒకే సమాచారాన్ని ఇద్దరు ఒకేసారి ముట్టుకుంటే పాడవుతుంది. అందుకని కెర్నెల్లో లాకులు పెడతాం. ఒకడు లోపలుంటే రెండోవాడు బయట ఆగాలి, రైల్వే గేటు పడినప్పుడు బళ్లు ఆగినట్టు. గేటు పడి ఉన్నంతసేపూ పని సాగదు. ఆ ఆగడాన్ని తగ్గించడం, వీలైన చోట లాకే లేకుండా పని జరిగేలా చూడడం, ఇదీ నేను చేసేది. అందులో నాకు పేరుండేది. ఎక్కడ ఏ యంత్రం నత్తనడక నడిచినా నన్ను పిలిచేవారు. ఆ పేరే నా కొంప ముంచింది అని రాయబోయి ఆగాను. నా కొంపకేం కాలేదు. మునిగింది అతనిది.

అతన్ని ఇక్కడ కూర్మారావు అంటాను. అసలు పేరు అది కాదు. పాతపట్నం దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. నాకంటే మూడు నాలుగేళ్లు పెద్ద. మేం రాసింది పరీక్షించడం అతని ఉద్యోగం. నన్ను పంతులూ అని పిలిచేవాడు, వెక్కిరింపుగా మొదలై అదే నా పేరైపోయింది. నేను ఒరే కూర్మా అనేవాణ్ణి. పెద్దవాణ్ణి పట్టుకుని ఒరే ఏమిటని మొదట్లో ఎవరో అంటే, అననీ, ఇంట్లో తమ్ముడైనా అంతే గదా అన్నాడట.

పరీక్షించడంలో అతనిదో తీరు. చూసి బాగుంది అనేవాడు కాదు. యంత్రంలో వాడే సర్క్యూట్ బోర్డునే తెప్పించుకునేవాడు. దాన్ని అట్టపెట్టెలో మూసి వేడెక్కించేవాడు, పది పనులు ఒకేసారి మీద పడేసేవాడు, రోజుల తరబడి ఆగకుండా నడిపించేవాడు. మేం విసుక్కునేవాళ్లం. మా ఊళ్లో ఎద్దుని కొనీటప్పుడు నీడలో నిలబెట్టి సూడరు పంతులూ అనేవాడు. అతను సరే అంటే ఇంక ఎవరూ ఆ కోడు వైపు తిరిగి చూసేవారు కాదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. అది తెలిస్తేనే నేను చేసింది తెలుస్తుంది. కెర్నెల్లో ఏ మార్పు చేసినా దాని కింద పేర్లు రాయాలి. రాసినవాడి పేరు, చదివి చూసినవాడి పేరు, పరీక్షించినవాడి పేరు. ఈ పేర్లన్నీ తెచ్చి చేర్చే పని రాసినవాడిదే. ఒకసారి పరీక్ష అయ్యాక మార్పులో ఒక్క లైను అటూఇటూ అయినా, పరీక్షించినవాడి పేరు తీసేసి, కొత్తది అతని చేతికిచ్చి, మళ్లీ అడగాలి. దీనికి కాపలా ఎవరూ ఉండరు. అంతా నమ్మకం మీద నడుస్తుంది.

అప్పుడు మా చేతిలో ఉన్నది డయాలిసిస్ యంత్రం. ఉద్దానం గురించి మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కన కొబ్బరితోటలు, జీడితోటలు, పచ్చగా చూడముచ్చటగా ఉంటుంది. ఆ తోటల్లో ఇళ్ల నిండా కిడ్నీ రోగులు. ఎందుకొచ్చిందో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పరు. వారంలో రెండు మూడుసార్లు యంత్రం పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకుంటేనే వాళ్ల బతుకు. రక్తం గొట్టంలోంచి యంత్రంలోకి పోయి శుభ్రపడి తిరిగి ఒంట్లోకి వస్తుంది. అది ఎంత ఒత్తిడితో పోతోందో యంత్రం క్షణక్షణం చూస్తూ ఉండాలి. ఆ లెక్క రాసే భాగం ఒకటి, చదివే భాగం ఒకటి, మధ్యలో ఒక లాకు. ఆ లాకు దగ్గర చదివేవాడు ఎక్కువసేపు ఆగిపోతున్నాడని, అది తగ్గించాలని నాకు అప్పజెప్పారు.

నేను ఆ లాకు తీసేసి వేరే ఏర్పాటు చేశాను. ఆ రెండు భాగాల్లో రాసేవాడు ముందు కొత్త లెక్క పెడతాడు, తర్వాత సిద్ధం అని ఒక గుర్తు పెడతాడు. చదివేవాడు ఆ గుర్తు చూసి లెక్క తీసుకుంటాడు. విస్తట్లో వడ్డించాక భోజనానికి పిలవడం లాంటిది. ఎవరూ ఎవరి కోసం ఆగక్కర్లేదు. ఒక్కటే చిక్కు. ఈ కాలపు ప్రాసెసర్లకి తొందర ఎక్కువ. రెండు పనులు వరసగా చెప్తే, తమకి ఏది ముందు వీలైతే అది చేసేస్తాయి. వడ్డించకముందే పిలిచేస్తాయి. అలా జరక్కుండా ఆ రెంటి మధ్య ఒక లైను రాయాలి, ముందుది పూర్తయ్యేదాకా రెండోది మొదలెట్టకు అని. దాన్ని బ్యారియర్ అంటాం. రాశాను. ఆ లైనుతో ఉన్న కోడే కూర్మారావుకి ఇచ్చాను.

అతను ఎప్పట్లాగే బోర్డు మీద రోజుల తరబడి నడిపించాడు. ఒక్క పొరపాటు రాలేదు. బాగుందని చెప్పి, వరికోతలకి సెలవు పెట్టి ఊరెళ్లాడు.

ఇక్కడ నా సంగతి. మా మేనేజరు ఒక వేగం అడిగాడు. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోవడమే కాదు, అంతకంటే ఎక్కువే ఇస్తానని నలుగురి ముందు డాబు కొట్టాను. తీరా కొలిస్తే కొంచెం తగ్గింది. చాలా కొంచెం. మర్నాడు ఉదయం పంపాలి. ఎక్కడ తగ్గుతోందా అని చూశాను. ఆ బ్యారియర్ దగ్గర. అది తీసి చూశాను. అడిగిన వేగం వచ్చింది, నేను డాబు కొట్టినంతా వచ్చింది. నా బల్ల మీది కంప్యూటర్లో కాసేపు నడిపించాను. ఏ ఇబ్బందీ రాలేదు.

రాదు. బల్ల మీది కంప్యూటర్లో ఉండే ప్రాసెసరు ఈ విషయంలో బుద్ధిగా ఉంటుంది, రాసే వరస తప్పదు. డయాలిసిస్ యంత్రంలో ఉన్నది వేరే రకం, అది వరస తప్పుతుంది. ఈ తేడా నాకు తెలీదా? తెలుసు. కొత్తగా చేరినవాళ్లకి గోడ మీది తెల్లబోర్డు మీద బొమ్మ గీసి పాఠం చెప్పింది నేనే. మరి ఎందుకు తీశాను? తప్పకపోవచ్చులే అనుకున్నానా? తప్పినా ఎప్పుడో కోటికొకసారి, అప్పుడు చూసుకోవచ్చులే అనుకున్నానా? నిజం చెప్పాలంటే, అప్పుడు ఆ యంత్రం పక్కన మనిషి ఉంటాడన్నదే నాకు తోచలేదు. నా కళ్ల ముందు ఉన్నది ఆ వేగం అంకె ఒక్కటే. అది చూసి మేనేజరు ఏమంటాడో, ఆ మాటలు కూడా ముందే వినేసుకున్నాను.

అప్పుడు కూర్మారావు ఫోన్ చేశాడు. సాయంత్రం అయిదో ఆరో అయ్యుంటుంది. అతని వెనక నూర్పిడి యంత్రం చప్పుడు, ఎవరో ఆడవాళ్లు గట్టిగా మాట్లాడుకోవడం. రేపు పంపుతున్నారట గదా, అందుకే చేశానన్నాడు.

“పంతులూ, నాను సూసిందే ఎల్తన్నాదా? ఏటైనా మార్సినావా?”

“ఏటీ లేదురా. కామెంట్లు సరిచేశాను, అంతే.”

“అయితే నా పేరెట్టేయ్.”

కామెంట్లంటే కోడు పక్కన మనుషుల కోసం రాసుకునే మాటలు. వాటితో యంత్రానికి పని లేదు. అవి మారిస్తే మళ్లీ పరీక్ష అక్కర్లేదు. నేను ఆ అబద్ధం ముందుగా ఆలోచించి పెట్టుకోలేదు. అతను అడిగాడు, నోట్లోంచి వచ్చేసింది. మార్చాను అని ఉంటే? ఆగు పంతులూ, కోతలు తమ్ముడికి ఒగ్గీసి వస్తాను అనేవాడు. దొరికిన బస్సెక్కి వచ్చేవాడు. మళ్లీ వారం పరీక్ష. నేను ఆ వారం అడగలేకపోయాను. ఇంత చిన్న మాట అది. పేరు పెట్టి పంపేశాను.

కొన్ని నెలలు ఏమీ కాలేదు. నాకు మెప్పు వచ్చింది. నేను మర్చిపోయాను కూడా.

తర్వాత ఉద్దానంలో ఒక చోట యంత్రం మధ్యలో ఆగిపోయింది. సిద్ధం అన్న గుర్తు ముందు వచ్చింది, లెక్క వెనక వచ్చింది. చదివేవాడు సగం పాతది సగం కొత్తది చదివాడు. అలాంటి ఒత్తిడి లోకంలో ఉండదు. యంత్రం బెదిరి రక్తం తిప్పే పంపుని ఆపేసి, సరైన లెక్క కోసం ఎదురుచూస్తూ బిగుసుకుపోయింది. అలా ఆగితే పంపుని చేత్తో తిప్పి రక్తాన్ని వెనక్కి పంపే వీలుంటుంది. ఆ సమయానికి నర్సు ఇంకో మంచం దగ్గర ఉంది. ఆమె వచ్చేసరికి గొట్టాల్లో రక్తం గడ్డకట్టింది. అదంతా పారేయాల్సి వచ్చింది. ఆ మంచం మీద ఉన్నావిడ కొబ్బరితోట రైతు, అసలే ఒంట్లో రక్తం లేని మనిషి. ప్రాణం పోలేదు. కాని నెలల తరబడి లేవలేకపోయింది. ఇంకో రెండు చోట్ల కూడా యంత్రాలు అలాగే ఆగాయి, అక్కడ చేత్తో తిప్పి కాపాడారు.

లోపం కెర్నెల్లో ఉందని తేలింది. మీటింగు పెడుతున్నామన్నారు. మీటింగుకి ముందు నేను చేసిన మొదటి పని ఏమిటో చెప్పనా? కూర్మారావు పరీక్షించిన పాత కోడు నా దగ్గర ఒక్కచోటే ఉంది. దాన్ని చెరిపేశాను. అతని బోర్డులో అప్పటికే వేరే పని ఎక్కింది. ఇంక రెండు కోడ్లు పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు లేరు. తొందరలో బ్యారియర్ తీయడం పొరపాటని సరిపెట్టుకోవచ్చు. ఫోన్లో చెప్పిన అబద్ధాన్ని కూడా ఏదోలా సరిపెట్టుకోవచ్చు. చెరపడం మాత్రం స్థిమితంగా, కాఫీ తాగుతూ చేశాను.

మీటింగులో మేనేజరు నన్ను పెద్దగా ఏమీ అనలేదు. రాసేవాడు పొరపాటు పడతాడు, అది పట్టుకోవడానికే గదా పరీక్షించేవాడు అన్నాడు. అందరూ కూర్మారావు వైపు తిరిగారు. అన్ని రోజులు నడిపించావు గదా, ఎలా తప్పిపోయింది అని అడిగారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవాల్సింది నేను. తడుముకున్నది అతను. ఎక్కడో నేనే సరిగా చూడలేదేమో సార్ అన్నాడు. అంటూ నా వైపు చూశాడు. అనుమానంతో కాదు. వాడు బాగానే చూశాడు సార్ అని నేనొక్క మాట అంటానని. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నమే లోపం ఎక్కడుందో నేను కనిపెట్టాను. కనిపెట్టడానికేముంది? తీసిన లైను తీసిన చోటే మళ్లీ పెట్టాను. ఇంత త్వరగా పట్టుకున్నానని అందరూ మెచ్చుకున్నారు. అందరికంటే ముందు నా దగ్గరికి వచ్చింది కూర్మారావు. నా చెయ్యి పట్టుకుని, నువ్వు పట్టుకోకపోతే ఇంకెంతమందికి అయ్యేదో, నన్ను కాపాడావు పంతులూ అన్నాడు.  అప్పుడైనా చెప్పానా? చెప్పలేదు. పర్లేదులేరా అన్నాను.

అతన్ని ఎవరూ తీసేయలేదు. తనే మానేశాడు. వద్దని మేనేజరు కూడా చెప్పాడు, వినలేదు. నెల్లిమర్లలో బావమరిదికి టైల్స్ షాపు ఉంటే అక్కడికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఒక పని మొదలుపెట్టాడు. నాకది తెలిసిన రోజు నుంచి నిద్ర సరిగా పట్టలేదు. ఉద్దానంలో ఆవిడ ఇల్లు వెతుక్కుని వెళ్లాడట. తప్పు నాదమ్మా, మిషను నేనే సరిగా చూడలేదు అని చెప్పాడట. ఆవిడ, కావాలని సేసినావేటి బాబూ, కూకో అందట. అప్పట్నుంచి రెండు మూడు నెలలకోసారి వెళ్లేవాడు. స్కూలు సెలవులైతే కూతుర్ని కూడా తీసుకెళ్లేవాడు. ఆ పిల్ల పేరు హైమ. వెళ్లినప్పుడల్లా ఆవిడ తన తోటలో బొండాలు కొట్టించి వీళ్లకి ఇచ్చేదట. కిడ్నీ పాడైనవాళ్లు కొబ్బరినీళ్లు తాగకూడదు. చెట్లు తనవి, చుక్క గొంతులో పోసుకోలేదు, వీళ్లు తాగుతుంటే చూస్తూ కూర్చునేదట. ఇదంతా కూర్మారావు నాకు ఫోన్లో చెప్పేవాడు. ఒకసారి నువ్వూ రా పంతులూ అన్నాడు. పని ఉందన్నాను.

రెండేళ్లకి ఆవిడ పోయింది. రోగం ముదిరి పోయిందని, యంత్రం ఆగడానికీ దీనికీ సంబంధం లేదని డాక్టర్లు చెప్పారు. అది నిజమే కావచ్చు. కూర్మారావు నమ్మలేదు. పదకొండో రోజుకి వెళ్లి వచ్చి, ఫోన్ చేసి, వెళ్లొచ్చానని చెప్పి పెట్టేశాడు.

నేను బాగానే ఉన్నాను. పై మెట్టుకి వెళ్లాను. ఇప్పుడు విజయనగరంలో ఇంట్లో కూర్చునే పని చేస్తాను. నా కింద పనిచేసేవాళ్లు నన్ను అతిజాగ్రత్త మనిషి అంటారు, ఒక్క లైను మారినా పరీక్షించినవాడి పేరు తీయిస్తానని. వాళ్లు నవ్వితే నేనూ నవ్వుతాను. ఎన్ని సాకులు కూడబెట్టుకున్నానో మీకేం చెప్పను. అతనికి టైల్స్ షాపులోనే హాయిగా ఉంది అనుకున్నాను. ఇప్పుడు చెప్తే పాత గాయం రేపినట్టవుతుంది అనుకున్నాను. కంపెనీకి చెడ్డపేరు అనుకున్నాను. ఎవరి మేలు కోరి చెప్పకుండా ఉన్నాను? ఎప్పుడు వెతికినా అన్నీ వచ్చి నా మేలు దగ్గరే ఆగేవి.

ఈ మధ్య కూర్మారావు ఫోన్ చేశాడు. హైమకి ఇంటర్ అయిపోయింది. డయాలిసిస్ టెక్నీషియన్ కోర్సులో చేరతానని పట్టుబట్టిందట. చిన్నప్పుడు ఆవిడతో డయాలిసిస్ కేంద్రానికి కూడా వెళ్లింది గదా, ఆ యంత్రాల మీద మనసు పడింది. నువ్వు పెద్ద ఉద్యోగస్తుడివి, నువ్వు చెప్తే వింటుంది, వద్దని చెప్పు అన్నాడు. మంచి కోర్సే గదరా అన్నాను.

“మంచిదే. మా సేతికి ఆ జాగర్త నేదు పంతులూ. మా రకతంలోనే నేదు. మనిసి పేనం మా పిల్ల సేతిలో ఎట్టకూడదు.”

నేనేదో అనేలోగా ఫోన్ కూతురికి ఇచ్చేశాడు.  ఆ పిల్ల పక్కకి వెళ్లినట్టుంది, గొంతు తగ్గించి అడిగింది. మా నాన్న నిజంగానే అంత అజాగ్రత్తగా చూశారా మావా, నువ్వు పక్కనే ఉన్నావు గదా అని.

మళ్లీ మాట్లాడతానమ్మా అని పెట్టేశాను. ఆ పిల్లకి నేను వద్దని చెప్పాలట. చేరమని చెప్పినా, తండ్రి అజాగ్రత్తపరుడని నమ్మే చేరుతుంది. ఏ పని చేసినా తప్పు చేశానేమో అనుకుంటుంది. ఇన్నాళ్లూ తప్పు ఒక మనిషి మీద వేశాననుకున్నాను. అది వారసత్వంగా కూడా దిగుతోంది. రెండు రోజులు ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. మూడో రోజు నెల్లిమర్ల బస్సెక్కాను. విజయనగరం నుంచి ఎంత దూరం? టికెట్టు కొట్టించుకుని కూర్చునేలోగా వచ్చేస్తుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి వెళ్లలేదు.

మిట్టమధ్యాహ్నం. షాపులో అతనొక్కడే ఉన్నాడు. టైల్స్ పెట్టెలు ఎంచుతున్నాడు. నన్ను చూసి సంతోషంగా, కూర్చో, ఒక్క నిమిషం అన్నాడు. ఎంచడం అయింది. మళ్లీ మొదటినుంచి ఎంచాడు. అది అయ్యాక మళ్లీ వెనక్కి వెళ్లబోతే నేను ఆపాను. రెండుసార్లు ఎంచావు గదరా అన్నాను. అప్పుడు కాడ్నించి నన్ను నాను నమ్మను అన్నాడు, మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు. ఇంట్లో గ్యాసు కట్టేసి వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వస్తాడట. భార్య విసుక్కుంటుందట.

నేను చెప్పాను. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. బ్యారియర్ తీశానని, కోతలప్పుడు ఫోన్లో చెప్పింది అబద్ధమని, పాత కోడు చెరిపేశానని, మీటింగులో నోరు మూసుకున్నానని, అన్నీ చెప్పాను.  అతని చేతిలో ఒక పెట్టె మూత ఉంది. దాన్ని మడుస్తూ, విప్పుతూ విన్నాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

“అయితే నా టెస్టు సరిగ్గానే ఉన్నాదా?”

“సరిగ్గానే ఉందిరా. నువ్వు చూసిన కోడు ఒక్కసారి కూడా తప్పలేదు.”

అతను స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను, ఏడవలేదు.  ఎవరో సిమెంటు ఉందా అని అడిగి వెళ్లిపోయారు, తల ఎత్తలేదు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి కూతురికి చేశాడు. అమ్మా, నువ్వు ఆ కోర్సులో సేరు అన్నాడు. అటు నుంచి ఎందుకని అడిగినట్టుంది. ఇంటికొచ్చి చెప్తాను అన్నాడు. ఫోన్ పెట్టేసి, అప్పుడు నా మొహంలోకి చూశాడు. నేను భయపడ్డ కోపం అందులో లేదు. తెలియని మనిషిని చూసినట్టు చూశాడు. పంతులూ అనలేదు. ఆ తర్వాత ఇప్పటిదాకా అనలేదు.

“నాను ఉద్దానం ఎల్లినప్పుడల్లా నీకు తెలుసు.”

“తెలుసు.”

“ఆవిడ నా సేతి తప్పే అనుకొని పోనాది. నన్ను కూకోబెట్టి బొండం కొట్టించి ఇచ్చి, నాదే తప్పనుకొని పోనాది. ఇప్పుడు ఆవిడకెవులు సెప్తారు?”

 క్షమించు అనే మాట నోటిదాకా వచ్చింది, అనలేకపోయాను. అడిగే హక్కు ఉందా నాకు? అడిగితే అతను సరే అంటాడేమోనన్న భయం కూడా ఉంది, అతని మంచితనం అలాంటిది. అతనే లేచి, షాపు మూసే వేళయింది అన్నాడు. మధ్యాహ్నం రెండు కూడా కాలేదు. నేను బయటికి వచ్చాను. వెనక షట్టరు దించిన చప్పుడైంది. అతను ఒకసారే దించి వెళ్లిపోయాడో, మళ్లీ వచ్చి లాగి చూసుకున్నాడో తెలీదు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

కంపెనీకి అంతా రాసి పంపాను. వాళ్లు ఏం చేస్తారో వాళ్లిష్టం. ఆ మార్పు కింద కూర్మారావు పేరు తీసేయమని అడిగాను, పాతవి అలా తీయడం కుదరదని, పక్కన ఒక వివరణ మాత్రం చేర్చగలమని చెప్పారు. చేర్చారు. ఎవరు చదువుతారు? హైమ కోర్సులో చేరిందని వేరేవాళ్ల ద్వారా తెలిసింది. కూర్మారావు నాకు ఫోన్ చేయలేదు. చేస్తాడని ఎదురుచూడడం కూడా మానుకుంటున్నాను, అలా చూడడం కూడా అతని దగ్గర ఇంకేదో అడగడమే గదా.

నిద్ర పడుతోందా అంటే, కొంచెం పడుతోంది. ఇలా చెప్పడానికి సిగ్గుగా ఉంది. గొంతుకి అడ్డం పడ్డది దిగిందో లేదో ఇంకా తెలియడం లేదు, మాట మాత్రం బయటికి వచ్చింది. ఉద్దానంలో ఆవిడ ఇంటికి వెళ్లాను. కొడుకు కోడలు ఉన్నారు. వాళ్లకి అంతా చెప్పాను. విన్నారు. ఆ మనిషి మా అమ్మ దగ్గర ఎంత ఏడ్చాడో నీకు తెలీదు అన్నాడు కొడుకు, ఇంకేమీ అనలేదు. కూర్చోమని కూడా అనలేదు. గుమ్మంలో నిలబడే వచ్చేశాను.

ఆవిడకి చెప్పేవాళ్లు లేరు. ఇది మాత్రం ఇలాగే ఉండిపోతుంది. ఆ లైను తీసింది నేను. తీసి, తీయలేదని చెప్పి, కూర్మారావు పేరు పెట్టింది నేను. మీకు చెప్పాను.